గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో వాన నీళ్ళకి దారి చూపించడం ఎలా

మాది మల్కాజిగిరి వైపు పాత కాలనీలో 110 గజాల ఇల్లు. కుడిపక్క ఇల్లూ, ఎడమపక్క ఇల్లూ మా గోడల్ని ఆనుకునే ఉంటాయి, వెనక కూడా అంతే. గాలికైనా వెలుతురుకైనా నీళ్ళు బయటికి పోవడానికైనా ముందువైపు వీధి ఒక్కటే దారి. ఇలాంటి ఇంట్లో వాన నీళ్ళ సమస్య వస్తే మామూలుగా అందరూ చెప్పే సలహాల్లో సగం పనికిరావు. "ఇంటి చుట్టూ చిన్న కాలువ తీయించండి" అంటారు. చుట్టూ అనేది ఉంటే కదా!

నాలుగు వానాకాలాలు తిప్పలు పడి, మేస్త్రీలకీ ప్లంబర్లకీ బోలెడు డబ్బు పోశాక నాకు తెలిసిందేంటంటే, మేం పెట్టిన ఖర్చులో సగం తప్పు చోట పెట్టాం. మరక ఎక్కడ కనిపిస్తే అక్కడ గోకించి సిమెంటు కొట్టించాం, రంగు వేయించాం, మళ్ళీ వానకి మళ్ళీ అక్కడే నెమ్ము. నీళ్ళు దిగుతున్నది వేరే చోట. అందుకే ఎవరినీ పిలవక ముందు మీరే చెయ్యాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు.

వాన పడుతుండగానే డాబా ఎక్కండి

గట్టి వాన మొదలైన పావుగంటకి గొడుగు వేసుకుని పైకెళ్ళండి. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం వద్దు, అవి తగ్గాక వెళ్ళండి. ఫోన్లో వీడియో తీసుకోండి, ఇది తర్వాత మేస్త్రీకి చూపించడానికి, ఇంకా ముఖ్యంగా పక్కింటివాళ్ళకి చూపించడానికి పనికొస్తుంది.

నీళ్ళు తూము వైపు పరిగెడుతున్నాయా, లేక మధ్యలో మడుగు కట్టి నిలబడ్డాయా చూడండి. తూము దగ్గర సుడి తిరుగుతూ పోతుంటే బాగున్నట్టే. అక్కడ నిండుగా ఉండి, కిందకి దిగి చూస్తే పైపు చివర సన్నగా వస్తుంటే లోపల ఆకులో, పావురం గూడో, ఎప్పటిదో సిమెంటు ముద్దో అడ్డం పడిందని అర్థం. తర్వాత పిట్టగోడలు చూడండి. మన పిట్టగోడకీ పక్కింటి పిట్టగోడకీ మధ్య ఒకటి రెండు అంగుళాల సందు ఉంటుంది చూశారా, దాని గురించి కింద చాలా చెప్పాలి. ఇక ఇంట్లోకి వచ్చి ఏ గోడ మీద ఎప్పుడు చెమ్మ వస్తోందో రాసుకోండి. వాన మొదలైన గంటలోపే తడి కనిపిస్తే పగులో, పైపు జాయింటో, పెద్ద దారే ఉంది. ఒకటి రెండు రోజులకి మెల్లగా పాకితే డాబా మీద నిలిచిన మడుగు స్లాబులోకి ఇంకి వస్తుండొచ్చు. మే నెలలో కూడా తడి ఉంటే అది వానే కాదు, బాత్రూం పైపో, పైన ట్యాంకు ఓవర్‌ఫ్లోనో. మా ఇంట్లో ఒక మూల మరక ట్యాంకు బాల్ వాల్వ్ పాడై రోజూ తెల్లవారుజామున నీళ్ళు పొర్లడం వల్ల వచ్చింది, దానికి మేం వాటర్ ప్రూఫింగ్ చేయించాం!

వాన కోసం ఆగలేకపోతే తూముని గుడ్డతో గట్టిగా మూసి డాబా మీద అంగుళం ఎత్తు నీళ్ళు ఒక రోజంతా నిలబెట్టి కింద చూడొచ్చు. స్లాబు బాగా పాతదై, అడుగున పెచ్చులూడి ఊచలు కనిపిస్తుంటే ఈ పరీక్ష పెట్టకండి, ముందు స్లాబు సంగతే చూసుకోవాలి. పైపులో లీకు ఉందని అనుమానం ఉంటే బకెట్ నీళ్ళలో నీలిమందు కలిపి తూములో పొయ్యండి, గోడ మీద నీలం ఎక్కడ తేలితే అక్కడ జాయింటు పోయినట్టు.

ఎన్ని నీళ్ళు వస్తాయో లెక్క వేసుకోండి

ఇది చాలామంది చెయ్యరు. లెక్క మాత్రం చాలా సులువు. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గజం అంటే 0.836 చదరపు మీటర్లు. మా డాబా 90 గజాలు, అంటే 75 చదరపు మీటర్లు అనుకోండి. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 3,750 లీటర్లు, అంటే నిమిషానికి మూడు బకెట్లకి పైనే. 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది, అలాంటి రోజు మా డాబా ఒక్కదాని మీదే 18,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర. ఇంత నీటికి మాకున్నది 3 అంగుళాల పైపు ఒకటి.

గంటకి 100 మిల్లీమీటర్ల వాన లెక్కన 4 అంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్లకి, అంటే దాదాపు 50 గజాల డాబాకి సరిపోతుంది. 3 అంగుళాల పైపైతే అందులో సగానికే, పాతిక గజాలకి. ఒక అంగుళం తేడాకి పైపు మోసే నీళ్ళు రెట్టింపవుతాయని నాకూ ముందు తెలీదు. కాబట్టి 90 గజాలకి 4 అంగుళాలవి రెండు కావాలి. ఒకటి పెట్టి "చాల్లెండి సార్" అనే ప్లంబర్ మాట వినకండి, ఒకటి మూసుకుపోయినా రెండోది ఉండాలి.

దీంతో పాటు ఇంకొకటి చేయించండి, డ్రిల్లింగ్ మిషనుతో అరగంట పని. డాబా నేల మట్టానికి రెండు మూడు అంగుళాల పైన, వీధి వైపు పిట్టగోడకి ఒక కన్నం పెట్టించి చిన్న పైపు ముక్క బయటికి వచ్చేలా బిగించండి. తూములు మూసుకుపోతే నీళ్ళు అందులోంచి వీధిలోకి చిమ్ముతాయి, ఎవరో ఒకరు "మీ మేడ మీంచి నీళ్ళు కారుతున్నాయండీ" అని చెప్తారు. అది లేకపోతే డాబా మొత్తం తొట్టిలా నిండుతుంది, మీకు తెలిసేసరికి పడగ్గదిలో ఫ్యాను మీంచి చుక్కలు పడుతుంటాయి.

వాటం

డాబా వాటం వందకి ఒకటి ఉండాలి, అంటే ఎనిమిది అడుగులకి ఒక అంగుళం పల్లం. ఇది రసమట్టంతో ఒక చోట పెట్టి చూస్తే తెలీదు, మేస్త్రీ దగ్గర నీళ్ళు నింపిన లెవెల్ పైపు ఉంటుంది, దాంతో నాలుగు మూలలూ, మధ్యలో రెండు మూడు చోట్లా కొలిపించి సుద్దముక్కతో నేల మీదే రాయించండి.

వరస ఇళ్ళతో వచ్చే చిక్కు ఇక్కడే. మా ఇంటి పొడవు 45 అడుగులు. మొత్తం నీళ్ళు వెనక నుంచి వీధి వైపుకే రావాలంటే వెనక అంచు ఐదున్నర అంగుళాలు ఎత్తు లేపాలి. అంత మందంగా కాంక్రీటు పోస్తే పాత స్లాబు మీద ఎంత బరువో ఆలోచించండి. ఒక మేస్త్రీ సరిగ్గా ఇదే చేద్దామన్నాడు, మా తమ్ముడికి తెలిసిన ఇంజనీరు వచ్చి ఆపించాడు. ఇలాంటి చోట డాబాని రెండు భాగాలుగా అనుకోవాలి, ముందు సగం ముందుకి, వెనక సగం వెనక్కి. వెనక గాలి కోసం వదిలిన చిన్న డక్టు చాలా ఇళ్ళలో ఉంటుంది కదా, వెనక తూము అందులోకి దిగుతుంది. అసలు పెద్ద తప్పు జరిగేది ఆ డక్టులోనే.

డ్రైనేజీ చాంబర్లో కలపకండి

డక్టులో నీళ్ళు పోవడానికి కనిపించేది ఒక్కటే, బాత్రూం నీళ్ళు పోయే చాంబర్. ప్లంబర్ ఆ పైపుని తీసుకెళ్ళి అందులో దింపేస్తాడు. మాకూ అలాగే చేశారు, మేం కూడా "పనైపోయింది" అనుకున్నాం. తర్వాతి పెద్ద వానకి బాత్రూం జాలీలోంచి గుడగుడమని చప్పుడు, తర్వాత నల్లటి నీళ్ళు పైకి రావడం, మా అత్తయ్య చీపురు పట్టుకుని ఒకవైపు, నేను బకెట్ పట్టుకుని ఇంకోవైపు. వీధిలో అందరూ అలాగే కలిపితే మురుగు లైను మోయగలిగిన దానికి ఎన్నో రెట్లు నీళ్ళు ఒక్కసారిగా పడతాయి, మ్యాన్‌హోల్ పొంగుతుంది, లైనులో అందరికన్నా పల్లంలో ఉన్న ఇంటి బాత్రూంలోకి తన్నుకొస్తుంది. ఆ పల్లపు ఇల్లు మాదే.

దీనికి మేం చేసింది ఇది. డక్టులోకి దిగిన పైపుని స్లాబు కిందనే వంచి, వంటింటి అటక మీదుగా, హాల్లో సీలింగ్ అంచున ముందుకి తెచ్చి వీధి వైపు దింపాం. పది అడుగులకి అంగుళంన్నర వాటం ఇచ్చాం, మొత్తం ఏడు అంగుళాల దిగుడు, తర్వాత ఫాల్స్ సీలింగ్‌లా చిన్న పెట్టె కట్టి కప్పేశాం. గట్టి వాన పడితే హాల్లో ఏరు పారుతున్న చప్పుడు వస్తుంది, అలవాటైపోయింది. మధ్యలో దూలం అడ్డొస్తే దాని కిందనుంచే తీసుకెళ్ళాలి, దూలానికి కన్నం పెడతానంటే మాత్రం ఒప్పుకోకండి. వంపు దగ్గరల్లా మూత ఉన్న బెండు వేయించండి, లేకపోతే ఎప్పుడైనా అడ్డం పడితే సీలింగంతా ఊడదియ్యాలి.

పైపుని ఇంత ఎత్తులో తెచ్చినందుకు ఇంకో లాభం కూడా ఉంది. మా వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి ఇప్పుడు రోడ్డు మా వాకిలి కన్నా జానెడు ఎత్తులో ఉంది. డాబా నీళ్ళు వాకిట్లో పడితే అవి రోడ్డెక్కలేవు, లోపలే చెరువు. అదే నీళ్ళని వాకిట్లో ఎక్కడా వదలకుండా మూసిన పైపులోనే తెచ్చి రోడ్డు మట్టానికి పైన వదిలితే వాటంతట అవే బయటికి పోతాయి. వాకిట్లో పడే వాన మాత్రమే మిగులుతుంది, అది ఏ పది గజాలదో. ఈ ఒక్క మార్పుతో మాకు ముప్పావు వంతు బాధ తీరింది.

ఆ మిగిలిన దానికి గేటు లోపల అడ్డంగా జాలీ కాలువ, దాని చివర రెండడుగుల గుంత, అందులో నీళ్ళు పెరగ్గానే దానంతట అదే ఆన్ అయ్యే ఫ్లోట్ స్విచ్చున్న చిన్న మోటారు. రోడ్డు నీళ్ళు లోపలికి రాకుండా గేటు గడప దగ్గర నాలుగంగుళాల గట్టు, బండి ఎక్కేలా రెండువైపులా వాలుగా. కరెంటు పోతే మోటారు ఆడదు కాబట్టి ఒక మగ్గూ బకెట్టూ ఎప్పుడూ ఉండాల్సిందే. జాకీలు పెట్టి ఇల్లు మొత్తం లేపేవాళ్ళు ఉన్నారని చూసే ఉంటారు, పక్కింటితో ఉమ్మడి గోడ ఉన్న ఇంటికి ఆ ఆలోచన మర్చిపోండి.

డ్రైనేజీ వెనక్కి తన్నడం అప్పటికీ ఆగకపోతే, వీధి లైనులో కలిసే చివరి చాంబర్‌కి ముందు, నీళ్ళని బయటికే తప్ప వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ వేయించుకోవచ్చు. ఒక సంగతి ఎవరూ చెప్పరు, బయట లైను నిండి ఆ వాల్వ్ మూసుకున్నప్పుడు మన నీళ్ళూ బయటికి పోవు, ఆ గంటసేపు వాషింగ్ మెషిన్ వేసినా స్నానం చేసినా మన మురుగు మన బాత్రూంలోకే వస్తుంది. వెంట్రుకలూ, ప్లాస్టిక్కూ ఇరుక్కుంటే అది అసలు మూసుకోదు, కాబట్టి వానాకాలం ముందు విప్పి కడిగించాలి. అప్పటికప్పుడు చెయ్యాలంటే గట్టి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి మూతి కట్టి కింద బాత్రూం జాలీ మీద, కమోడ్ గుంతలో పెట్టండి. రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు తియ్యకండి, నీళ్ళలో అది కనిపించక మనుషులు పడిపోతారు. వాకిట్లో నీళ్ళు కరెంటు మీటరు దాకా, మోటారు స్టార్టర్ దాకా వస్తున్నాయంటే ఆ నీళ్ళలోకి దిగక ముందే పొడి చోట నిలబడి మెయిన్ ఆపెయ్యాలి, అది కుదరకపోతే కరెంటు వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

రెండు ఇళ్ళ మధ్య సందు

రెండు పిట్టగోడల మధ్య సందులో పడిన వాన ఎక్కడికీ పోదు. అలాగే గోడల మధ్య దిగి, ఏ అంతస్తులో సందు దొరికితే అక్కడ లోపలికి వస్తుంది, అటు వాళ్ళ పడగ్గదిలో నెమ్ము, ఇటు మా దేవుడి గదిలో నెమ్ము, ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళ బాత్రూం లీకనుకుంటూ ఏళ్ళు గడిపేస్తాం. లోపల గోడకి ఎన్ని రంగులు వేసినా లాభం లేదు, పైన కప్పాలి.

చాలామంది మేస్త్రీలు ఇటుక ముక్కలు కూరి సిమెంటు పోసేస్తారు. ఒక్క ఎండాకాలానికే అది పగులుతుంది, ఎందుకంటే రెండు ఇళ్ళూ రెండు వేర్వేరు పునాదుల మీద ఉన్నాయి, ఒకటి కదిలినట్టు రెండోది కదలదు. పగుళ్ళు పడ్డాక ముందుకన్నా అన్యాయం, నీళ్ళు దిగుతాయి గానీ తడి ఆరదు. సరైన పద్ధతి ఏంటంటే అల్యూమినియం రేకో, జి ఐ రేకో టోపీలా వంచి సందు మీద కప్పి, ఒక గోడకే బిగించాలి, రెండో గోడ మీదకి ఊరికే మూడు నాలుగు అంగుళాలు వాలి ఉండాలి. కడప రాయి పలకైనా వెయ్యొచ్చు, దాన్నీ ఒక గోడకే సిమెంటుతో అతికించాలి. వాలు మన డాబా వైపే పెట్టుకోండి, అప్పుడు పక్కింటివాళ్ళు కాదనడానికి ఏమీ ఉండదు.

పిట్టగోడ అడుగున, డాబా నేలతో కలిసే మూల ఇంకో దొంగ దారి. ఆ మూలంతా సిమెంటుతో గుండ్రంగా గోలా కొట్టించి, వాటర్ ప్రూఫ్ పూతని నేల మీద నుంచి గోడ మీదకి కనీసం అడుగు ఎత్తు దాకా తీసుకెళ్ళమనండి. నేలకి మాత్రమే పూసి గోడ దగ్గర ఆపేస్తే డబ్బు దండగ.

పక్కింటివాళ్ళతో మాట్లాడటం

మా ఎడమపక్క ఇంటి డాబా నీళ్ళు వాళ్ళ పిట్టగోడ కన్నంలోంచి సూటిగా మా డాబా మీద పడేవి. రెండేళ్ళు లోపల తిట్టుకున్నాను, చివరికి ఒకరోజు వెళ్ళి "అంకుల్, మీ నీళ్ళు మా మీద పడుతున్నాయి" అన్నాను. "మేం ఇల్లు కట్టినప్పుడు మీది ఖాళీ ప్లాటు బాబూ" అన్నారాయన. మాట నిజమే. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

మళ్ళీ వానలకి వీడియో తీసుకుని వెళ్ళాను, ఈసారి ఫిర్యాదుగా కాదు. "అంకుల్, ఈ సందులో నీళ్ళు దిగి మీ వెనక గదిలోకీ వస్తున్నట్టున్నాయి, ఒకసారి చూడండి" అన్నాను. ఆంటీ వెంటనే "అదేనండీ, బీరువా వెనకంతా బూజు" అన్నారు. అంతే, పదిరోజుల్లో ఒకే మేస్త్రీ, ఒకే ప్లంబర్, రెండు ఇళ్ళ పనీ. వాళ్ళ కన్నం మూయించి వాళ్ళ నీళ్ళకి వీధి వైపు వేరే పైపు వేశారు, సందు మీద రేకు ఖర్చు చెరిసగం. ఇలా మాట్లాడుకున్నప్పుడు ఎవరి పైపు ఎక్కడికి పోతుందో, శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో ఒక కాగితం మీద బొమ్మ వేసుకుని ఇద్దరి దగ్గరా ఉంచుకోండి, రేపు ఎవరైనా ఇల్లు అమ్మితే కొన్నవాళ్ళకి అదే ఆధారం.

ఇంకుడు గుంత సంగతి

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్లని కాపాడే చట్టం) దగ్గర్నుంచి ఇంకుడు గుంత మాట వింటూనే ఉన్నాం, మంచిదే, కానీ 110 గజాల ఇంట్లో దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంత తవ్వి కంకర నింపితే రాళ్ళ మధ్య పట్టే నీళ్ళు వెయ్యి లీటర్ల చిల్లర. పైన వేసిన లెక్క చూడండి, గంట వానకి 3,750 లీటర్లు. కాబట్టి మిగతాది వీధిలోకి పోయే ఓవర్‌ఫ్లో పైపు లేకుండా గుంత కట్టొద్దు. అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద 20 మిల్లీమీటర్లది, పైన దొడ్డు ఇసుక, ఆ ఇసుక పైపొరని ఏటా మార్చాలి.

తవ్వే ముందు అక్కడే అడుగు లోతు చిన్న గుంత తీసి నీళ్ళు పోసి చూడండి. మర్నాటికి కూడా నీళ్ళు అలాగే ఉంటే అడుగున బండో నల్లరేగడో ఉంది, అక్కడ ఇంకుడు గుంత కాదు, దోమల గుంత అవుతుంది. మన పునాదికీ పక్కింటి పునాదికీ నాలుగైదు అడుగుల దూరం లేకపోయినా వద్దు. అలాంటప్పుడు డాబా నీళ్ళని ఫిల్టర్ మీదుగా సంపులోకి మళ్ళించుకోవడం మేలు, మొదటి రెండు మూడు వానల మురికి నీళ్ళు బయటికి వదిలేసి ఆ తర్వాత వాల్వ్ తిప్పాలి. ఆ నీళ్ళు గిన్నెలకీ బట్టలకీ బాత్రూముకీ, తాగడానికి కాదు.

ఈ పనులన్నీ మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారానికల్లా అయిపోవాలి. వాటర్ ప్రూఫ్ పూత వేసేటప్పుడు స్లాబు పొడిగా ఉండాలి, తడి మీద పూస్తే బుడగలు లేచి పెచ్చులుగా వస్తుంది. వానలు మొదలయ్యాక మేస్త్రీలు దొరకరు, దొరికినా చెప్పిన రేటుకి రారు. తూము మీద చదునుగా ఉండే జాలీ పెడితే ఒక్క రావి ఆకు చాలు మూసెయ్యడానికి, గోపురంలా పైకి లేచి ఉండే జాలీ అడగండి, సెప్టెంబరు దాకా ఆదివారం ఆదివారం పైకెళ్ళి దాని చుట్టూ ఆకులు తీసెయ్యండి. మా ఇంట్లో ఆ డ్యూటీ మా అబ్బాయిది, వాడు మర్చిపోయిన వారమే వాన పడుతుంది.